చివర కూర్చున్నవాడు

మా తిరువూరు బస్టాండు సెంటర్లో ఒకప్పుడు మా తమ్ముడి బొమ్మ ఉండేది. తమ్ముడంటే మా పెద్దమ్మ జోజమ్మ కొడుకు, దేవానందం. బొమ్మ అనగానే గుర్రాన్నీ కత్తినీ ఊహించుకోకండి. ఛాతీ వరకే ఉండే సిమెంటు బొమ్మ, పైన వెండి రంగు. కింద దిమ్మె, దిమ్మెకి ఒక పాలరాతి పలక, పలక మీద వాడి పేరు. రెండేళ్లు నిలబడిందో లేదో గానీ, దాని మీద జరిగినన్ని తగాదాలు మా ఊళ్లో పొలం గట్ల మీద కూడా జరగలేదు. చివరికి పెట్టినవాళ్లే తీయించేశారు. ఆ బొమ్మ పోతే మా పెద్దమ్మకి కొడుకు పేరు చెప్పుకోవడానికి భూమ్మీద జానెడు చోటు లేదు. ఆ సంగతి పెట్టినవాళ్లకీ పట్టలేదు, తీసినవాళ్లకీ పట్టలేదు. ఇద్దరూ ఒకరే కాబట్టి నాకు కోపం రెట్టింపు.

1972 చలికాలంలో మా వైపంతా జై ఆంధ్ర అంటూ అట్టుడికిపోయింది. కాలేజీలు మూతపడ్డాయి. బెజవాడలో ఇంటరు చదువుతున్న దేవానందం, వాడి స్నేహితుడు అంకారావు ఒకే బస్సులో పెట్టెలతో దిగారు. అంకారావు బసవపున్నయ్యగారి ఒక్కగానొక్క కొడుకు. వాళ్లకి రెడ్డిగూడెం దాకా మామిడితోటలు. మా పేటలోకి వచ్చి, మా పెద్దమ్మ పెట్టిన అన్నం పీట మీద కూర్చుని తిన్న రైతుబిడ్డ అతనొక్కడే. నలుగురిలో ఆమెని జోజమ్మా అని పిలిచేవాడు, గడప దాటి లోపలికొస్తే అమ్మా అనేవాడు. ఆ అన్నం సంగతి వాళ్లింట్లో మాత్రం చెప్పేవాడు కాదు. మేమూ చెప్పలేదు.

తాలూకా ఆఫీసు ఎదురుగా టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. రోజుకో జట్టు పొద్దున్నే మెడలో దండలేసుకుని కూర్చునేది, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేది. ఒకరోజు జట్టులో వీళ్లిద్దరూ కూర్చున్నారు. స్టూడియో ఆయన వచ్చి ఫోటో తీశాడు. ఏ వైపు నుంచి విడిపోవాలని వీళ్లు దీక్షలు చేస్తున్నారో, సరిగ్గా ఆ తెలంగాణ వైపే, కల్లూరుకి, మా పెద్దమ్మ వరికోతలకి వెళ్లి ఉంది. మా పేట ఆడవాళ్లకి కూలి దొరికేది అక్కడే. ఈ ముక్క దేవానందంతో అంటే, "నీకు రాజకీయం తెలీదక్కా" అని నవ్వాడు. మిషన్ స్కూల్లో టీచర్ని, నాకు తెలీదట.

డిసెంబరులో బెజవాడలో పెద్ద ఊరేగింపు అన్నారు. కుర్రాళ్లు లారీ ఎక్కారు. ఆ పొద్దున అంకారావుని వాళ్లమ్మ సీతారావమ్మ గదిలో పెట్టి బయట గొళ్లెం వేసింది. మా వాణ్ణి ఆపడానికి పెద్దమ్మ ఊళ్లో లేదు. అక్కడ లాఠీలు లేచాయి. ఊరేగింపు చెదిరి, జనం ఒకరినొకరు తొక్కుకుంటూ కాలవ గట్టు మీదికి పరుగెత్తారు. నీళ్లలో పడ్డవాళ్లలో దేవానందాన్ని చూశామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. పైకి లేవడం చూసినవాళ్లు లేరు. మా నాన్నా, గుడిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి శౌరయ్య తాతా కలిసి కాలవ పక్కనే నడుస్తూ గన్నవరం దాటిపోయి వెతికారు. శవం దొరకలేదు. కాలి చెప్పు కూడా దొరకలేదు.

ఫాదర్ గారు ఇంటికొచ్చి, సమాధుల దొడ్లో ఒక సిలువ పాతుదాం, ప్రార్థన చేసుకుందాం అన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"శవాన్ని కళ్లతో చూడకుండా గుంట తీయిస్తే, బతికున్నవాణ్ణి పూడ్చిపెట్టినట్టు ఫాదర్. నేను ఆ పని చెయ్యను" అంది.

ఆమె ఏడవను కూడా లేదు. మా పేటలో చావు జరిగితే ఆడవాళ్లు చుట్టూ కూర్చుని రాగాలు తీసి ఏడుస్తారు. తల్లి ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ రోజూ వచ్చి కూర్చున్నారు. పెద్దమ్మ ఎత్తుకోలేదు. వాళ్లు కాసేపు చూసి, కొంగులు దులుపుకుని లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత నవంబరులో ఆత్మల పండగకి పేట పేటంతా సమాధులకి సున్నాలేసి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఆమె తలుపేసుకుని ఇంట్లో కూర్చుంది.

ఈలోగా ఉద్యమం చల్లారింది. ఢిల్లీలో ఏవో సూత్రాలు రాసుకున్నారు, కాలేజీలు తెరిచారు. మా ఊళ్లో ఉద్యమ కమిటీకి ప్రెసిడెంటు వీరరాఘవయ్యగారు. ఆయన చేతిలో కమిటీ మిగిలింది, మైకు మిగిలింది, చెయ్యడానికి పని మాత్రం మిగల్లేదు. అప్పుడాయనకి దేవానందం గుర్తొచ్చాడు. తిరువూరు నుంచి వెళ్లి తిరిగిరానివాడు వాడొక్కడే కదా, సెంటర్లో బొమ్మ పెట్టి తీరాలన్నారు.

ఇక చూడాలి ఊరు. కాలవలో పడ్డవాడు వీరుడెట్లా అవుతాడని కొందరు. బస్సు దిగగానే పేటవాడి మొహం చూడాలా అని కొందరు, ఈ మాట మాత్రం కాస్త గొంతు తగ్గించి. మా పేటవాళ్లకి అదే పౌరుషం తెప్పించింది. బొమ్మంటూ పెడితే సెంటర్లోనే పెట్టాలని శౌరయ్య తాత పట్టుబట్టాడు. తెనాలి వైపు నుంచి శిల్పిని పిలిపించారు. దేవానందానికి విడిగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు. దీక్షల టెంటులో తీసిన ఫోటో చూపించి వీరరాఘవయ్యగారే బొమ్మ చేయించారు.

ప్రారంభం రోజున పెద్దమ్మని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. అట్లాంటి కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదలు, అదే ఆఖరు. గుడ్డ లాగారు, జనం చప్పట్లు కొట్టారు. నేను చూసి తెల్లబోయాను. అది మా వాడి మొహం కాదు.

"తాతా, ఇదేంటి, వాడి పోలికే లేదు" అన్నాను శౌరయ్య తాతతో.

"బొమ్మలన్నీ ఇట్లాగే ఉంటాయమ్మా ప్రేమావతీ. పేరుందిగా కింద" అన్నాడాయన.

నిజమే కాబోలు అనుకున్నాను. వెండి రంగు పూస్తే ఎవరైనా అట్లాగే ఉంటారేమో. పెద్దమ్మ మాత్రం చాలాసేపు కళ్లార్పకుండా చూసింది. తర్వాత జనంలో ఎవరినో వెతుకుతున్నట్టు చూసింది.

సభలకీ పండగలకీ బొమ్మకి దండలు పడేవి. పడ్డ దండ సాయంత్రానికి మాయమయ్యేది. ముందు మేకల్ని అన్నారు. మేక అంత ఎత్తు ఎగరదని తేలాక బస్సు క్లీనర్లని అన్నారు. చివరికి ఒకరోజు కాఫీ హోటలాయన చూశాడు. కూలి నుంచి వస్తూ మా పెద్దమ్మ దిమ్మె ఎక్కి, దండ తీసి, కొంగుతో బొమ్మ మొహం తుడిచి దిగుతోంది. ఊరంతా గుప్పుమంది. కొడుక్కి వేసిన దండ తల్లే పీకడమేంటని కమిటీవాళ్లు ఇదైపోయారు. వీరరాఘవయ్యగారు స్కూలుకి కబురు పెట్టి, "మీ పెద్దమ్మకి మతి సరిగ్గా ఉన్నట్టు లేదు, కాస్త కనిపెట్టుకుని ఉండండమ్మా" అన్నారు. పేటలోనూ అదే మాట. నేను అడిగితే ఆమె ఒక్క జవాబే చెప్పింది.

"నాకు బాగోదు, తీస్తున్నా" అంది. దుఃఖం తట్టుకోలేక ఏదో చేస్తోందనుకుని వదిలేశాను.

ఇదంతా జరుగుతున్నప్పుడు అంకారావు ఊళ్లో లేడు. బాపట్లలో చదువుకుంటున్నాడు, సెలవులకి కూడా ఊరికి రావడం తగ్గించాడు. చదువు మధ్యలోనే వాళ్లమ్మ సంబంధాలు చూడటం మొదలుపెట్టింది. సెలవులకి ఇంటికి రప్పించి, రెడ్డిగూడెం వాళ్లని రమ్మన్నారు. పిల్ల తాలూకు వాళ్లు బస్సు దిగారు. ఎదురుగా బొమ్మ. ఆ పూట ఏదో సభ ఉండి మెడలో ఇంత లావు బంతిపూల దండ వేలాడుతోంది. ఎండకి సోడాలు తాగుతూ దాన్నే చూశారు. తర్వాత బసవపున్నయ్యగారింటికి వెళ్లి కూర్చున్నారు. లోపలి నుంచి అబ్బాయి వచ్చాడు. అదే నుదురు, అవే విప్పారిన చెవులు, గడ్డం మీద అదే నొక్కు. పిల్ల మేనమామ తాగబోతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడట. ఇంటికెళ్లి కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు.

అప్పుడు గాని ఊరి కళ్లు తెరుచుకోలేదు. సీతారావమ్మగారు బండి కట్టించుకుని సెంటరుకి వచ్చి, కొడుకు మొహాన్ని కాకిరెట్టలతో సహా చూసుకుంది. బతికున్నవాడి పటానికి ఎవరైనా దండేస్తారా? ఇంట్లో పటం కాస్త వంకరగా తగిలిస్తేనే దిద్దుకుంటామే, అట్లాంటిది నాలుగు రోడ్ల కూడలిలో, కింద చనిపోయిన తేదీతో, ఏడాది పైనుంచీ. ఆమె భయం ఊరికే పోలేదు. నెల తిరక్కుండా అంకారావుకి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, తగ్గలేదు. మనిషి పసుపు ముద్దలా అయిపోయి, స్పృహ తప్పుతుంటే బెజవాడ ఆస్పత్రిలో చేర్చారు. డాక్టర్లు రెండు రోజులు చూడాలన్నారు. సీతారావమ్మగారు కొడుకు మంచం దగ్గర భర్త చెల్లెల్ని కూర్చోబెట్టి తను బస్సెక్కి తిరువూరు వచ్చింది. ఆ బొమ్మ ఉన్నంతవరకు తన కొడుకు లేవడని ఆమె నమ్మకం.

వీరరాఘవయ్యగారి వసారాలో అందర్నీ కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారంటే వాళ్లు కూర్చున్నారు. పెద్దమ్మ, శౌరయ్య తాత, నేను మెట్ల కింద నిలబడ్డాం. సీతారావమ్మగారి జుట్టు రేగిపోయి ఉంది. వచ్చీ రాగానే పెద్దమ్మ మీద పడింది.

"నీ కొడుకు పోయాడని నా కొడుక్కి దండలేయించావు కదే జోజమ్మా. తల్లివి కాదా నువ్వు? ఆ మొహం నీ కొడుకుది కాదని నీకు తెలీదా?"

"తెలుసమ్మగారూ" అంది పెద్దమ్మ. "గుడ్డ లాగినప్పుడే తెలుసు. మీ అబ్బాయి నా ఇంట్లో అన్నం తిన్నాడు. ఆ గడ్డం నాకు తెలీదా?"

బసవపున్నయ్యగారు తలెత్తి చూశారు. ఆ అన్నం సంగతి వాళ్లకి అప్పుడే తెలిసింది.

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకోలేదమ్మగారూ. ఏ దండా పొద్దుగూకిందాకా ఉంచలేదు. కూలి దూరమైన రోజున కాస్త ఆలస్యమైందేమో గాని, తియ్యకుండా ఇంటికి పోలేదు. పచ్చని పిల్లాడి మొహం మీద చచ్చినవాళ్ల దండ ఉండకూడదని నాకూ తెలుసు."

సీతారావమ్మగారు అక్కడే స్తంభానికి ఆనుకుని కూలబడింది. ఊరంతా మతి పోయిందన్న మనిషి ఇన్నాళ్లూ ఏం చేస్తోందో నాకు అప్పుడర్థమైంది. పక్కనే ఉండి, చదువుకుని, నేను అడగాల్సినట్టు అడగలేదు.

"అసలీ పొరపాటు ఎట్లా జరిగిందయ్యా" అన్నారు బసవపున్నయ్యగారు.

వీరరాఘవయ్యగారు లోపలికి వెళ్లి ఆ ఫోటో తెచ్చారు. టెంటు కింద కుర్రాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఆయన చూపుడువేలు ఫోటో అంచు మీద ఆగింది.

"చివర కూర్చున్నవాడని చెప్పాను శిల్పికి. చివర కూర్చునేది మనవాడేగా అనుకున్నాను..." అని మధ్యలో ఆపేశారు.

అదీ సంగతి. పేట పిల్లాడు చివర కాక ఎక్కడ కూర్చుంటాడు? ఆయన దేవానందం మొహాన్ని ఎన్నడూ నిదానంగా చూసినవాడు కాదు. వాడి చోటేదో మాత్రం చూడకుండానే తెలుసు. ఆ రోజు టెంటులో పిల్లలకి ఆ వరస గుర్తులేదు. చివర కూర్చున్నవాడు అంకారావు. మా వాడు నడిమధ్యన ఉన్నాడు. ఆ ఫోటో పట్టుకుని మా పేటకి వచ్చి, ఇందులో మీవాడెవరమ్మా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఊళ్లో నుంచి మా పేటకి పట్టుమని పది నిమిషాల నడక. నేను ఈ మాటే పైకి అన్నాను. వీరరాఘవయ్యగారు నా వైపు చూడలేదు.

పెద్దమ్మ చెయ్యి చాపితే ఫోటో ఇచ్చారు. నేనూ వంగి చూశాను. ఫోటో తీసే క్షణాన దేవానందం పక్కవాడి వైపు తల తిప్పినట్టున్నాడు. మొహం ఉండాల్సిన చోట తెల్లగా చెదిరిపోయి ఉంది.

"ఎప్పుడూ కుదురుగా కూర్చోడు" అంది పెద్దమ్మ, ఫోటో తిరిగి ఇచ్చేస్తూ.

ఫోటో అందుకుని వీరరాఘవయ్యగారు అన్నారు. "జోజమ్మా, బొమ్మ నీ కొడుకు పేరు మీద ఉంది. నువ్వు సరేనంటేనే తీయిస్తాం. వాడి పోలికలు మీరు చెబితే కొత్తది చేయించి పెడదాం."

శౌరయ్య తాత వెంటనే అడ్డుపడ్డాడు. "కొత్తది వచ్చిందాకా పాతది కదలడానికి వీల్లేదండి. ఒకసారి తీసేస్తే ఇక పెట్టరు. మా పేటకి సెంటర్లో ఉన్నది అదొక్కటే." ఆయన అన్నది అబద్ధం కాదు. నాకూ అదే అనిపించింది. పెద్దమ్మ మోచెయ్యి పట్టుకుని, ఒప్పుకోవద్దని మెల్లగా చెప్పాను.

ఆమె మా ఇద్దరి మాటా వినలేదు. మెట్లెక్కి సీతారావమ్మగారి ముందు గొంతుక్కూర్చుంది.

"ఆ రోజు మీరు గొళ్లెం వేశారు. మంచి పని చేశారమ్మగారూ. నేను ఊళ్లో ఉంటే నేనూ వేసేదాన్ని" అంది. తర్వాత వీరరాఘవయ్యగారి వైపు తిరిగింది. "తీసేయించండయ్యగారూ. కొత్తది వద్దు. పలక నాకివ్వండి."

ఇంటికి వస్తూ దారిలో నేను ఆగలేకపోయాను. ఆ మొహం వాడిది కాదని తెలిసీ మాకైనా ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"చెబితే ఏమయ్యేది? వాడి మొహమే చేయించేవాళ్లు. వాడికే దండేసేవాళ్లు" అంది. కాస్త దూరం నడిచాక మళ్లీ అంది. "ఎవరి మొహమో ఉన్నన్నాళ్లూ మా వాడు ఎక్కడో ఉన్నాడులే అనుకున్నానే. వాడి చావు ఆ పిల్లాడు మోస్తున్నాడు పాపం. ఇంకెన్నాళ్లు మోస్తాడు? ఆ తల్లి కొడుకు లేవాలంటే, పోయినవాడు నా కొడుకేనని నేను ఒప్పుకోవద్దూ?"

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. దిమ్మె నుంచి బొమ్మని విడగొట్టడం ఎంతోసేపు పట్టలేదు. దాన్ని ఏం చెయ్యాలన్నదే ఎవరికీ తెలియలేదు. పగలగొట్టడానికి మేస్త్రీ సుత్తి ఎత్తితే బసవపున్నయ్యగారు గావుకేక పెట్టారు. కొడుకు మొహాన్ని ఎవరు పగలగొట్టనిస్తారు? పోనీ పాతిపెడదామంటే అది ఇంకా దారుణం. కృష్ణలో వదిలేద్దామని ఎవరో అని, పెద్దమ్మని చూసి నాలిక్కరుచుకున్నారు. చివరికి గోనెసంచులు చుట్టి, ఎండుగడ్డి పరిచిన బండిలో పడుకోబెట్టి, తోటలో ఎరువులు దాచే గదికి తోలించారు. చుట్టూ చేరిన జనంలో ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంకారావు తర్వాత కోలుకున్నాడు, ముందే చెప్పేస్తున్నాను. మందులకో, బొమ్మ దిగినందుకో, ఎవరి నమ్మకం వాళ్లది.

పలకని మాత్రం మేస్త్రీ జాగ్రత్తగా ఊడదీసి ఇచ్చాడు. పెద్దమ్మకి చదువు రాదు. ఇన్నాళ్లూ దాని మీద ఏముందో నన్ను అడగలేదు. ఆ రోజు అడిగింది. పేరు చదివాను, పుట్టిన తేదీ చదివాను, రెండో తేదీ దగ్గర ఆగిపోయాను. "అదీ చదువు" అంది. చదివాను.

అక్కణ్ణుంచి నేరుగా సమాధుల దొడ్డికి నడిచింది. ఫాదర్ గారికి శౌరయ్య తాత కబురు చేశాడు. పలక నిలబెట్టడానికి జానెడు లోతు చాలని తాత గునపం తీసుకుంటే ఆమె ఒప్పుకోలేదు.

"మనిషి పట్టేంత తవ్వించు మామా" అంది.

తవ్వారు. ఎండాకాలం ముందు నేల, గట్టిగా ఉంది, మధ్యాహ్నం దాటింది. ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చదివి, ఖాళీ గుంట మీద తీర్థం చల్లారు. తలా గుప్పెడు మట్టి వేశాం. తల వైపు పలక నిలబెట్టి, పూడ్చేవాళ్లు పారలందుకున్నారు. మనిషిని పూడ్చిన చోట మట్టి మిగులుతుంది, పైన దిబ్బ లేస్తుంది. ఇక్కడ తీసిన మట్టంతా మళ్లీ లోపలికే పోయింది. కాళ్లతో తొక్కేసరికి నేల నేలతో కలిసిపోయింది.

పెద్దమ్మ దాన్ని చూసింది. అరచేత్తో ఆ చదును మీద అటూ ఇటూ తడిమింది, ఏదో వెతుక్కుంటున్నట్టు. "ఏదయ్యా" అంది. "నాయనా, ఏదయ్యా నువ్వు" అని గొంతెత్తింది.

రాగం అట్లా మొదలైంది. వాడు పుట్టినప్పటి వాన, వాడికి తాగించిన గంజి, వాడి బొంగురు గొంతు, అన్నీ వరసగా వచ్చాయి. పక్క చేలల్లో మిరపకాయలు కోస్తున్న మా పేట ఆడవాళ్లు విన్నారు. గంపలు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చారు. చుట్టూ కూర్చుని అందుకున్నారు. పోయి రెండేళ్లు దాటినవాడి కోసం ఆ పొద్దే పోయినట్టు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అంతకు ముందు ఏడవడానికి నాకూ వీల్లేకపోయింది. తల్లి ఏడవనిదే అక్క ఎట్లా ఏడుస్తుంది?